బడిలో ఇంటిభాషకు చట్టము తెచ్చిన టెక్సాస్ సెనేటరు



అమెరికా దక్షిణాది సెనేటర్లు అనగానే నల్లజాతి పిల్లలను తెల్లవారి బడులలోనికి రానీయక అడ్డుపడినవారే గుర్తుకు వస్తారు. అది చాలవరకు నిజమే. ఆ వరుసలో వేరుగా నిలిచిన రాల్ఫ్ యార్బరోను మాత్రం మనబోటివారు తప్పక తెలుసుకొనవలెను.

1903లో టెక్సాస్‌లోని చాండ్లర్ అను చిన్న ఊరిలో జన్మించిన ఈయన, న్యాయవాది కాకమునుపు పల్లె బడులలో పాఠాలు చెప్పినవారే. గవర్నరు పదవికి పలుమార్లు పోటీచేసి ఓడి, 1957లో సెనేటుకు ఎన్నికై 1971 వరకు ఉన్నారు. అంతర్యుద్ధ కాలమున విడిపోయిన పదకొండు రాష్ట్రాల సెనేటర్లలో 1964 పౌరహక్కుల చట్టమునకు అనుకూలముగా ఓటు వేసినది ఈయన ఒక్కరే.

ఇక మన సంగతికి వద్దాము. టెక్సాస్‌లో ఇంగ్లీషు తప్ప మరొక భాషలో పాఠము చెప్పుట 1918 నుండి నేరము. ఇంట స్పానిష్ మాట్లాడే పిల్లలు ఆటస్థలములో ఆ భాష పలికినా దండన తప్పేది కాదు. పాఠము అర్థముకాక వెనుకబడితే మందమతులని ముద్ర. మీ బడిలోని ఏ పిల్లవాడైనా గుర్తుకు వచ్చాడా?

1967 జనవరిలో యార్బరో ద్విభాషా విద్యా బిల్లును ప్రవేశపెట్టారు. మొదట స్పానిష్ పిల్లలకే ఉద్దేశించిన ఆ బిల్లు, చర్చలలో అన్ని భాషలకూ విస్తరించింది. 1968 జనవరి 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేశారు. ఆయనా ఒకనాడు కోటుల్లా అను ఊరిలో మెక్సికన్ పిల్లలకు చదువు చెప్పిన పంతులే సుమండీ!

అయితే ఆ చట్టము అడిగినవారికి సొమ్ము ఇచ్చునదే కాని ఎవరినీ నిర్బంధించలేదు. మొదట దక్కినది 75 లక్షల డాలర్లు. అంత పెద్ద దేశమునకు అది ఏ మూలకు? ఇంటిభాషను నిలుపుటా, ఇంగ్లీషుకు మెట్టుగా వాడి విడిచిపెట్టుటా అన్నది చట్టము తేల్చలేదు. నా దృష్టిలో అసలు లోపము అదే. 2002లో వచ్చిన కొత్త చట్టము ద్విభాష అన్న మాటనే తొలగించి, ఇంగ్లీషు నేర్చుటే లక్ష్యమన్నది.

యార్బరో 1970లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే లాయిడ్ బెంట్సెన్ చేతిలో ఓడిపోయారు. 1996లో కన్నుమూశారు. ఆయన రాష్ట్రము మాత్రము 1973లో మరొక అడుగు వేసింది. ఒక జిల్లాలో ఒకే తరగతి స్థాయిలో ఇంగ్లీషు చాలినంత రాని ఒకే భాషా పిల్లలు 20 మంది ఉంటే ద్విభాషా బోధన తప్పనిసరి చేసింది. మన దేశమున 1949 నాటి విద్యామంత్రుల సమావేశము తరగతికి 10, బడికి 40 అని నిర్ణయించింది. ఏటా జూన్‌లో ఆ 10 మందిని కూడగట్టుటకు ఇంటింటికి తిరిగే మీకు ఈ అంకెల బరువు నేను చెప్పనక్కరలేదు.