మద్రాసు దూరంలోనే తచ్చాడుతున్నాం

గవర్నర్‌పేట నుంచి రోదసి ఎంత దూరం? బెజవాడ స్టేషన్లో రైలెక్కితే మద్రాసు దాదాపు 430 కిలోమీటర్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తు దాదాపు 400. ఆ పట్టాలను నిలువుగా ఎత్తి నిలబెడితే గుమ్మిడిపూండి దాటగానే కేంద్రం తగులుతుంది. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చాక, అర్ధ శతాబ్దం పాటు మనుషులంతా కాస్త అటూ ఇటూగా ఈ దూరంలోనే తచ్చాడారు. చంద్రుడు సుమారు తొమ్మిది వందల మద్రాసుల దూరం. అంగారకుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా లక్షా ఇరవై వేల మద్రాసుల పైమాటే.

1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలుపెట్టినప్పుడు మన దేశంలో టీవీ ఢిల్లీకే పరిమితం. బెజవాడకు ఆ కబురు రేడియోలో, మర్నాటి పత్రికల్లో అందింది. ఆ ఏడాదే ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంచుకున్నదీ అప్పుడే. తూర్పున అంతా నీళ్లు, పైగా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి భూభ్రమణ వేగం రాకెట్‌కు ఉచితంగా కలిసొస్తుంది. దీవిలో తరతరాలుగా బతికిన యానాదుల గూడేలు కదలాల్సి వచ్చింది. ప్రయోగాల వార్తల్లో వాళ్ల ప్రస్తావన నాకు అరుదుగా కనిపిస్తుంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదట ఎగిరింది రోహిణి అనే చిన్న సౌండింగ్ రాకెట్.

అయితే కృష్ణా డెల్టాకు అంతరిక్షంతో అసలు చుట్టరికం కలిసింది రాకెట్ల వల్ల కాదు, ఉప్పెన వల్ల. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచేసింది. అధికారిక లెక్క ప్రకారమే చనిపోయినవారు పదివేలకు దగ్గర. తుపాను ఎటు తిరుగుతుందో, ఎప్పుడు తీరం దాటుతుందో ఊళ్లకు చెప్పే దారి అప్పటికి సరిగా లేదు. 1983లో వాతావరణ చిత్రాలు పంపే ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. 1990 మే నెలలో మరో భీకర తుపాను ఈ తీరాన్నే కొట్టింది. ఆకాశం నుంచి వచ్చే చిత్రాలు చూస్తూ ముందే లక్షల మందిని తరలించారు. మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. షెల్టర్లకూ, రెవెన్యూ సిబ్బందికీ అందులో వాటా ఉంది, ఒప్పుకోవాల్సిందే. అంతరిక్షానికి పెట్టే ఖర్చు దండగ అనేవాళ్లు దివిసీమలోని నాగాయలంక వైపు ఒకసారి వెళ్లి అడిగితే బాగుంటుంది. కిందికి చూసే ఉపగ్రహానికి ఇక్కడ ఎవరూ లెక్కలడగరు. పైకి వెళ్లే మనిషి సంగతి వచ్చేసరికే వాదన మొదలవుతుంది.

ఆ పైకి వెళ్లిన మనవాళ్ల సంగతి చూద్దాం. 1984 ఏప్రిల్‌లో సోవియట్ నౌకలో వెళ్లిన రాకేశ్ శర్మ హైదరాబాద్‌లో చదువుకున్నవాడు. గుంటూరులో పుట్టిన శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో 86 కిలోమీటర్ల ఎత్తు చూసింది, మన పట్టాల లెక్కలో చీరాల రాలేదు. విజయవాడలోనే పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో వంద కిలోమీటర్లు దాటి, పది నిమిషాల్లో నేలకు దిగాడు. అప్పుడు బెజవాడ పొంగిపోయింది, తప్పులేదు. కానీ అది విహారం.

నా దృష్టిలో ఈ వరుసలో అన్నిటికన్నా బరువైన ప్రయాణం రాజా చారిది. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి ఇంజినీరింగ్ చదువుకు అమెరికా వెళ్లినవారు. 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ నౌకకు కమాండర్‌గా వెళ్లిన చారి 177 రోజులు అంతరిక్షంలో ఉన్నాడు. ఎత్తు మద్రాసు దూరమే. రోజుల లెక్కన మాత్రం అది అంగారకుడికి ఒకవైపు ప్రయాణమంత. అక్కడికి చేరడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. వెళ్లే అదను 26 నెలలకోసారి వస్తుంది. భార రహిత స్థితిలో వ్యాయామం లేకపోతే ఎముకల సాంద్రత నెలకు ఒక శాతానికి పైగా తరిగిపోతుంది. భూమి అయస్కాంత కవచం దాటితే రేడియేషన్ ఇంకో గండం. అంగారకుడు దూరంగా ఉన్నప్పుడు ఇక్కడి నుంచి అడిగిన మాట అక్కడికి చేరడానికే ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, జవాబుకు మళ్లీ అంతే. 1994-95లో రష్యన్ వైద్యుడు వలేరి పొల్యాకోవ్ మీర్ కేంద్రంలో ఏకబిగిన 437 రోజులు గడిపింది ఇలాంటి ప్రయాణాన్ని మనిషి తట్టుకోగలడా అని చూడటానికే.

ఇక మన సొంత దారి. గగన్‌యాన్‌లో మనిషిని అంతరిక్షంలోకి పంపుతామని 2018 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని ప్రకటించి, గడువు 2022 అన్నారు. అది దాటిపోయింది. ఆలస్యాన్ని నేను తప్పుపట్టను, ప్రాణాలతో పని. 2023 అక్టోబరు 21న నౌక తప్పించుకునే వ్యవస్థను శ్రీహరికోటలో పరీక్షించారు. 2025 జనవరిలో రెండు ఉపగ్రహాలను కక్ష్యలో జోడించారు. ఈ విద్య రాకుండా అంతరిక్ష కేంద్రమూ లేదు, చంద్రయాత్రా లేదు. అదే నెలలో దాదాపు నాలుగు వేల కోట్లతో శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కేంద్రం అనుమతిచ్చింది. 2035కి సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అన్నవి ప్రకటించిన లక్ష్యాలు.

2040 అన్న అంకెను నేను పెద్దగా నమ్మను. గగన్‌యాన్ నౌకను ముగ్గురు మనుషులకు, మూడు రోజుల యాత్రకు రూపొందించారు. ఆ మూడు, చారి గడిపిన 177కు ఏ ఏట చేరుతుందో, అదీ మన కేంద్రంలో, మన నీళ్లు, మన గాలి మళ్లీ మళ్లీ శుద్ధి చేసుకుంటూ చేరుతుందో లేదో, నేను చూసేది ఆ లెక్క కోసమే.