గండి కొట్టి బాగుచేసిన లంక

డబ్లిన్‌లో కాపురమున్న మన తెలుగు కుటుంబాలకు సముద్రం కనుచూపు మేరలో లేదు. అయినా మన వీధుల్లో కురిసిన వాన వాగుల్లో పడి, అలమీడా క్రీక్‌లో కలిసి, చివరకు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికే చేరుతుంది. ఆ అఖాతం ఆవలి ఒడ్డున, రెడ్‌వుడ్ సిటీని ఆనుకొని, బేర్ ఐలండ్ అనే సుమారు 3,000 ఎకరాల లంక ఉంది. దాని చరిత్ర మనకు పనికివచ్చేది కనుక నాలుగు మాటలు రాస్తున్నాము.

పూర్వం అది ఆటుపోట్ల నీరు వచ్చిపోయే గడ్డినేల. 19వ శతాబ్దం చివరినుంచి చుట్టూ కరకట్టలు వేసి సాగులోకి తెచ్చారు. ఫ్రెడ్ బేర్ అనే రైతు పేరే లంకకు నిలిచింది. 1940లలో ఉప్పు కంపెనీ వచ్చి దాన్ని ఉప్పు మళ్ళుగా మార్చింది. 1965లో ఉప్పు తీయడం మానేశారు. అఖాతం చుట్టూ ఇదే కథ. పాత ఆటుపోటు నేలల్లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా కట్టల వెనక్కో, పూడిక కిందికో పోయాయి. వాటితోపాటు రిడ్జ్‌వే రెయిల్ అనే నీటికోడివంటి పక్షి, ఈ అఖాతం తీరాల్లో తప్ప మరెక్కడా కనిపించని ఒక చిట్టెలుక, రెండూ అంతరించే స్థితికి వచ్చాయి.

ఉప్పు పోయాక ఇళ్ళ వంతు వచ్చింది. లంకమీద ఇళ్ళు, ఆఫీసులు కట్టే పథకాన్ని పురపాలక సంఘం ఆమోదించింది. ఊరివాళ్ళు ఊరుకోక, విషయాన్ని ఓటుకు పెట్టించారు. 1982లో ఆ పథకం ఓడిపోయింది. తేడా యాభై ఓట్లు కూడా లేదు. మన డబ్లిన్ నగరంగా ఏర్పడినదీ ఆ సంవత్సరంలోనే!

ఓటుతో కట్టడం ఆగింది గాని, భూమి యజమానిదే కదా. నేడు కాకపోతే రేపు మరో పథకం రావచ్చు. వైద్యులమైన మాకు ఇది తెలిసిన సంగతే. చీటీ రాసినంత మాత్రాన జబ్బు తగ్గదు, మందు ఎవరో ఒకరు కొనాలి. ఇక్కడ కొన్నది 1977లో పుట్టిన పెనిన్సులా ఓపెన్ స్పేస్ ట్రస్ట్. జపాన్ కంపెనీ కుమగాయ్ గుమి చేతిలో ఉన్న 1,626 ఎకరాలను 1997లో కోటిన్నర డాలర్లకు కొని, 1972లో ఏర్పడిన జాతీయ వన్యప్రాణి శరణాలయంలో చేర్చేందుకు అప్పగించింది. యజమానికి సొమ్ము ముట్టింది, లంక పక్షులకు దక్కింది.

అంతటితో పని తీరలేదు. కట్టల వెనుక ఎండి కుంగిపోయిన నేలను కొన్నిచోట్ల మట్టి పోసి ఎత్తు పెంచవలసి వచ్చింది. ఆ తర్వాత అంచెలంచెలుగా కట్టలు తెంచి, 2015 డిసెంబరులో చివరి భాగంలోకి నీరు వదిలారు. మన డెల్టా రైతుకు గండి అంటే గుండె గుభేలుమంటుంది. ఇక్కడ గండి కొట్టడమే చికిత్స అయింది.

ఇది చదివేవారిలో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల వారికి కొల్లేరు గుర్తుకు రాకమానదు. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలచేత అక్కడ చేపల చెరువులు తవ్వించింది. 1999లో అదే సరస్సును అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో చెరువుల గట్లను పేల్చి, తెగ్గొట్టించింది. గట్లు ఒక్కనాటితో తెగాయిగాని, జిరాయితీ భూముల పరిహారం పేచీ ఏళ్ళ తరబడి తెగలేదు. చాలాచోట్ల చెరువులు మళ్ళీ వెలిశాయి.

రెండూ ఒకటే అనడం మా ఉద్దేశం కాదు. బేర్ ఐలండ్‌లో బేరం ఒక పెద్ద కంపెనీతో. కొల్లేటి లంక గ్రామాల్లో వేలమంది చిన్న రైతులు, వలే జీవనాధారమైన కుటుంబాలు ఉన్నాయి. అక్కడ భూమి కొంటే చాలదు, కూడుకు దారి చూపాలి. కాని ఒక న్యాయం రెండుచోట్లా చెల్లుతుంది. పక్షికోసం మనిషి భూమి వదులుకోవాలంటే దాని ఖరీదు ఊరంతా భరించాలి, ఒక్కడి నెత్తిన వేయరాదు.

గుళ్ళకు, సత్రాలకు, చెరువులకు మాన్యాలు రాసిన జాతి మనది. ధర్మకర్త అన్న మాట మనకు కొత్త కాదు. స్వగ్రామంలో బడికి, ఆసుపత్రికి చందాలు పంపే మనం, కొల్లేటి నీటికోసం, అక్కడి మనుషులకోసం కూడా ఒక నిధి కూర్చలేమా? పాఠకులు ఆలోచించాలి.