మోటుపల్లి రేవు: రెండు అభయశాసనములు

నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరమునకు చేరువనున్న మోటుపల్లి యిప్పుడొక చిన్న గ్రామము. కాకతీయుల కాలమున నిది యాంధ్రదేశమునకు ముఖ్యమైన రేవుపట్టణము. దీనికి దేశియుయ్యక్కొండపట్టణమను నామాంతరమును కలదు. అచ్చటి వీరభద్రాలయమునందలి శిలాస్తంభము, పట్టణపరిపాలనమునకును కళాసారస్వతములకును గల సంబంధమును విచారించువారికి మిక్కిలి విలువగల సాక్ష్యము.

శా. శ. 1166 (క్రీ. శ. 1244-45) న గణపతిదేవచక్రవర్తి వ్రాయించిన యభయశాసన మా స్తంభముపై కలదు. దేశాంతరములకు పోవుచు తుపానుపాలై యొడ్డున పడిన యోడలనుండి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును పూర్వరాజులు బలిమిచే గైకొనుచుండిరని యందు దాపరికము లేక చెప్పబడినది. ప్రాణమునకు తెగించి సముద్రయానము చేయు వర్తకులయెడ దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును నియతమైన సుంకము తప్ప తక్కినదెల్ల విడిచితిమని గణపతిదేవు డందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. పిమ్మట చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగువానికి వేర్వేఱుగా సుంకములు నిర్ణయింపబడినవి.

ఓడ పగిలి యొడ్డు చేరిన పరదేశికి ఆ యూర బంధువు లేడు, సాక్షి లేడు. అట్టివానికి ఱాతిమీది వ్రాతయే దిక్కు. ఈయవలసినదెంతయో ముందే తెలిసియున్నచో నధికారి యధికముగా నడిగినపుడు వర్తకుడు స్తంభమును చూపి వాదింపగలడు. రాజు తన చేతికి తానే హద్దు గీసికొని, ఆ హద్దును పదిమంది తిరుగు దేవాలయమున నిలుపుటయే యీ శాసనమునందలి ఘనత.

ఇందలి ఫలము వర్తకులతోనే నిలువలేదు. ఆ కాలపు పట్టణములందు నకరములును, ఉభయనానాదేశి పెక్కండ్రును సమయములుగా కూడి, తమ సరకులపై తామే యాయములు విధించుకొని దేవాలయములకు ధూపదీపనైవేద్యములు జరుపుచుండిరి. ఓరుగంటి శాసనమందును ఇట్టి కట్టుబాటు కలదు. శిల్పమునకును, ఆటపాటలకును ఆలయమే నెలవు గావున వర్తకుని మూట క్షేమముగా నున్నగాని రంగమంటపమున దీపము వెలుగదు. గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని నృత్తరత్నావళిని రచించినది 1253-54 లో, అనగా నభయశాసనమునకు తొమ్మిదేండ్ల పిమ్మట. ఆ శతాబ్దిచివర మార్కోపోలో యీ ప్రాంతమును ముత్ఫిలి యని పేర్కొని, యిచ్చటి సన్నని వస్త్రములు సాలెగూటిని పోలియుండునని మెచ్చెను. రాజ్యమేలిన రాణి న్యాయశీలతను కొనియాడెను. ఆమెను మృతుడైన రాజునకు భార్యగా నతడు తలచెను గాని, యామె గణపతిదేవుని కూతురగు రుద్రమదేవి.

1323 లో ఓరుగల్లు పడిపోయినది. శా. శ. 1280 (క్రీ. శ. 1358) న కొండవీటి యనపోతరెడ్డి మోటుపల్లిలోనే మఱియొక శాసనము వేయించెను. ఇచ్చట కాపురముండ వచ్చిన వర్తకులకు భూమి నిత్తుమనియు, పోగోరినవారిని నిర్బంధింపమనియు, తెచ్చిన సరకును తమ యిష్టము వచ్చినవారికి అమ్ముకొనవచ్చుననియు అందు గలదు. సంతానము లేనివాని సొత్తును రాజు గైకొను అపుత్రికమను పద్ధతి మాన్పబడెను. చందనముపై సుంకములో మూడవవంతు తగ్గింపబడెను.

మాన్పబడినవానిని బట్టి యంతకుముందు జరుగుచుండినవానిని ఊహింపవచ్చును. నిర్బంధింపమని మాట యీయవలసివచ్చెననగా, నిర్బంధభయము వర్తకుల మనస్సులందుండెననుట. గణపతిదేవుని స్తంభము చెక్కుచెదరక నిలిచియేయుండెను. దానివెనుక నిలువవలసిన ప్రభుత్వమే కూలెను. కావున నూటపదునాలుగేండ్లకు అభయమును మరల క్రొత్తగా వ్రాయవలసివచ్చెను.

ఈ రెండవ యభయమునకు తరువాతి తరమున, అనపోతరెడ్డి కుమారుడగు కుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయలను బిరుదుతో వసంతోత్సవములు జరిపెను; వసంతరాజీయమను నాట్యశాస్త్రము నాతడు రచించెను. ఆ యుత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన యవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకిత మిచ్చెను. హురుముజి గుఱ్ఱములు, సింహళపు టేనుగులు, భోటదేశపు కస్తూరి, చీనాంబరములు మొదలగువాని నా సెట్టి తెప్పించినట్లు కవి యందు వర్ణించెను. రాజులకును మంత్రులకును కృతులిచ్చిన కవి యొక వర్తకుని కృతిపతిగా స్వీకరించుట నాటి సంఘమున వర్తకునకు గల గౌరవమును తెల్పును.

ఆ పద్యమును సరకుల పట్టికగా చదివి విడుచుట చాలదు. అందలి ప్రతివస్తువును సముద్రమో, సుంకపుచావడియో దాటి వచ్చినది. దాని నెవ్వరును దారిలో దోచుకొనకుండుటచేతనే యది యుత్సవమునకు చేరెను. ఉత్సవమునుండి కావ్యమునకు చేరెను. మోటుపల్లి ఱాళ్లును హరవిలాసమును ఒక్కచోట నుంచి చదివినగాని యా కాలపు పట్టణజీవనము పూర్తిగా బోధపడదు.