వరంగల్‌లో పెరటి కోళ్ల పెంపకం

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పెరట్లో ఐదారు మొదలుకొని ఇరవై దాకా కోళ్లను గుడ్లకూ, పండుగ కూరకూ, మొక్కుబడికీ పెంచుకోవడం పాత అలవాటు. షెడ్లలో వేల సంఖ్యలో పెంచే లేయర్, బ్రాయిలర్ కోళ్ల పరిశ్రమకూ దీనికీ సంబంధం తక్కువ. ఇక్కడ కోడి పగలంతా తిరిగి తన తిండిలో చాలా భాగం తానే ఏరుకుంటుంది, రాత్రికి గూట్లోకి చేరుతుంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే ఇది సుమారు 46 శాతం ఎక్కువ. షెడ్లలోని కోళ్లు అదే కాలంలో 4.5 శాతమే పెరిగాయి.

నేపథ్యం

ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. దాని పసుపు చర్మం మాత్రం బూడిద రంగు అడవికోడి నుంచి సంక్రమించిందని 2008లో జన్యు పరిశోధకులు తేల్చారు. ఈ రెండు జాతులు తిరిగే అడవులు గోదావరి ప్రాంతంలోనే ఒకదానికొకటి ఎదురవుతాయి. వినుకొండ వల్లభరాయుడి పేరిట ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వర్ణనతోపాటు కోళ్ల పందెం కూడా కనిపిస్తుంది. పందెం నేడు చట్టరీత్యా నేరం. పందేనికి పేరుపడ్డ అసీల్ జాతి రక్తం మాత్రం ఈ ప్రాంతపు నాటు కోళ్లలో చాలావాటిలో కలిసే ఉంది. కాకి, డేగ, నెమలి అంటూ ఈకల రంగును బట్టి పిలిచే పేర్లూ పందెగాళ్ల నుంచి వచ్చినవే.

రకాలు

నాటు పెట్ట ఏడాదికి 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. ఒక విడత పెట్టడం కాగానే పొదుగుకు కూర్చుంటుంది, పిల్లలను వెంటేసుకుని రెండు మూడు నెలలు తిరుగుతుంది. గుడ్లు తక్కువ కావడానికి ప్రధాన కారణం ఈ తల్లితనమే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం ప్రత్యేకంగా వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, పెరట్లో ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ 160 నుంచి 180 దాకా పెట్టగలదు. అక్కడి పశువైద్య కళాశాల పరిధిలో తయారైన రాజశ్రీ, రంగు ఈకలతో తేలికైన ఒంటితో నాటు కోడిని పోలి ఉంటుంది. పరిగెత్తి తప్పించుకోవడం కూడా దానికి బాగా వచ్చు. వరంగల్‌వాసులకు దగ్గర్లో మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. రెండూ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గుడ్లు ఎక్కువ పెట్టే రకాలు సరిగా పొదగవు. పొదిగే నాటు పెట్ట ఎక్కువ పెట్టదు. అందుకే మందలో ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచి, మెరుగు రకాల గుడ్లను వాటి కింద పెట్టి పిల్లలను దించుకోవడం మంచి పద్ధతి. అయితే వనరాజా వంటివి వేర్వేరు వంశాల కలయికతో పుట్టినవి కాబట్టి, ఇంట్లో పుట్టిన వాటి పిల్లల్లో తల్లిదండ్రుల లక్షణాలు అంతే బలంగా నిలవవు. గుడ్ల దిగుబడి తగ్గకూడదనుకుంటే పిల్లలను కొన్నేళ్లకోసారి సంస్థ నుంచి మళ్లీ తెచ్చుకోవలసిందే. వనరాజాకు మరో చిక్కు ఉంది. మేత అతిగా పెడితే కొవ్వు పట్టి గుడ్లు మానేస్తుంది.

గుడ్లకు పుంజు అవసరం లేదు. పిల్లలు కావాలంటేనే కావాలి, అప్పుడు ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు. గోడకు గోడ ఆనుకుని ఉన్న కాలనీల్లో తెల్లవారుజామున మూడింటికి కూసే పుంజు వల్ల వచ్చే తగాదాలు తలచుకుంటే, పట్టణంలో పుంజు లేకపోవడమే మేలు.

గూడు, మేత

రాత్రి గూట్లో ఒక్కో కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల జాగా సరిపోతుంది. గూడు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే తేమ, పందికొక్కుల బెడద తగ్గుతాయి. ముంగిస, అడవి పిల్లి, కుక్క, పాము రాత్రి దొంగలు. పగలు పిల్లలను ఎత్తుకుపోయేది గద్ద, కాకి. పాతకాలపు వెదురు గంప తల్లిని, పిల్లలను పగటి పూట కమ్మిపెట్టడానికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది, రాత్రికి మాత్రం చాలదు. సన్న కన్నుల ఇనుప జాలి, గట్టి గొళ్లెం ఉన్న తలుపు మీద పెట్టే ఖర్చు జాతి కోడి మీద పెట్టే ఖర్చు కంటే ముఖ్యం. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె, కూర్చోవడానికి అడ్డ కర్ర ఉండాలి.

మేత వరంగల్‌లో కష్టం కాదు. ఇది మక్కల ప్రాంతం. తిరిగే కోడికి సాయంత్రం 30 నుంచి 50 గ్రాముల మక్కలు, నూకలు, తవుడు చాలు. వంటింటి ఆకుకూరల తుంపులు, చెదలు, వానపాములు మిగతాది చూసుకుంటాయి. సున్నం కోసం గుల్ల పొడి వేరే పళ్లెంలో పెట్టాలి. వానకు తడిసి బూజు పట్టిన మక్కలను చవగ్గా వచ్చాయని పెట్టకూడదు. అందులోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పెంకు గోధుమ రంగులో ఉంటే బలమెక్కువన్న మాటకు ఆధారం లేదు. పచ్చసొన ముదురు రంగు పచ్చిమేత నుంచీ మక్కల నుంచీ వస్తుంది.

పెరటి తోటకు కోళ్లు పురుగులను తిని మేలు చేస్తాయి, మొలకలను కెలికి కీడు చేస్తాయి. టమాట, తోటకూర మళ్లకు జాలి కట్టక తప్పదు. జామ, మునగ వంటి చెట్ల కింద వదిలితే ఇబ్బంది లేదు. కోడి పెంట వేడి గుణం గలది కాబట్టి మాగబెట్టాకే మొక్కలకు వేయాలి.

ఎండాకాలం

వరంగల్ మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పడమే దాని చల్లదనం. రొప్పినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు తయారీకి కావలసిన కార్బనేట్ తగ్గి, గుడ్లు పలచటి పెంకుతో వస్తాయి. చెట్టు నీడ, మట్టి పాత్రలో మాటిమాటికి మార్చే చల్లని నీళ్లు, గూటి పక్కలకు తడి గోనెసంచులు అవసరం. మేత తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టాలి, నడి మధ్యాహ్నం వద్దు.

పొదిగించడానికి ఇది చెడ్డ కాలం. దాచిన గుడ్డులో పిండం వేడికి సగం ఎదిగి చచ్చిపోతుంది, గుడ్డు మురుగుతుంది. ఎండాకాలం నాలుగు రోజుల్లోపు పెట్టిన గుడ్లనే పొదుగుకు వేయాలి. ఒక పెట్ట కింద పది, పన్నెండు మించకూడదు. పిల్లలు దిగేది 21వ రోజున. ఏడో రోజు చీకట్లో టార్చి వెలుగుకు పట్టి చూస్తే రక్తనాళాలు కనిపించని గుడ్లను ఏరేయవచ్చు.

తల్లి లేకుండా కొనితెచ్చిన పిల్లలకు మొదటి వారం 95 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గిస్తారు. పిల్లకు రెండు వాట్ల చొప్పున బల్బు లెక్క. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా జరిగితే వేడి ఎక్కువ అని గ్రహించాలి.

రోగాలు, టీకాలు

పెరటి మందలను తుడిచిపెట్టేది ఎక్కువగా కొక్కెర తెగులు. కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరు మీదే దీన్ని రాణికెట్ అంటారు. ఆకుపచ్చ రెట్టలు, రొప్పు, మెడ వంకర తిరగడం దీని గుర్తులు. మందు లేదు, టీకాయే దిక్కు. మేరెక్స్ టీకా హేచరీలోనే తొలిరోజు వేస్తారు. ఇంట్లో 5 నుంచి 7వ రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో రాణికెట్‌కు లసోటా చుక్క, 14వ రోజు గంబోరో తెగులుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, 6–7 వారాలప్పుడు మశూచి టీకా, 8–9 వారాలప్పుడు రాణికెట్ ఆర్2బి సూది ఇప్పించాలి.

ఇందులో చిన్నమందల వాళ్లకు నిజమైన అడ్డంకి సీసా. టీకా సీసా వంద డోసులకు తక్కువ రాదు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా మంచులో ఉంచాలి. పది కోళ్ల కోసం అంత కొనడానికి మనసొప్పక చాలామంది టీకా మానేస్తారు, చివరికి మంద మొత్తం పోతుంది. ఒకే వాడలోని ఐదారు ఇళ్లవాళ్లు ఒకరోజు అనుకుని, పశువైద్యశాల సిబ్బందిని పిలిపించుకుని వేయించుకుంటే ఖర్చు పెద్దది కాదు.

రెండు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు తాగించాలి. బూడిద, పొడి మన్ను పోసిన గుంతలో కోళ్లు దొర్లి పేలను వదిలించుకుంటాయి.

గుంపుగా కోళ్లు చచ్చిపోతే తక్షణం పశువైద్యుడికి చెప్పాలి. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాలు దాన్ని చవిచూశాయి. చచ్చిన కోడిని చెరువులోనో మోరీలోనో పడేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. మేడారం జాతర ముందు నాటు కోళ్ల బేరాలు జోరెత్తే రోజుల్లో బయటి నుంచి కొన్న కోడిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచి చూశాకే మందలో కలపాలి.