రేనాటి రాజులకు తెలుగెందుకు?

వేములకు ఉత్తరంగా, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. అక్కడి గుడి ఆవరణలో దొరికిన రాతి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. వేయించినవాడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. మొత్తం తెలుగులోనే రాసిన శాసనాల్లో మనకు దొరికిన తొలిది ఇదేనని ఎక్కువమంది పండితుల మాట.

ధనంజయుడు ఏమంత పెద్ద రాజు కాదు. ఒకవైపు కంచి పల్లవులు, మరోవైపు బాదామి చాళుక్యులు. మధ్యలో నలిగే చిన్న సీమ రేనాడు. మరి పెద్దలంతా సంస్కృతంలో మాట్లాడుతుంటే ఈయనకు తెలుగెందుకు?

అభిమానం అనేస్తే సరిపోదు. ఎందుకంటే అదే వంశపు పుణ్యకుమారుడు మాలెపాడు రాగిరేకుల్లో తన వంశావళిని సంస్కృతంలోనే చెప్పుకున్నాడు. కరికాల చోళుడి వారసులమన్నాడు. ఆ వంశంలో సింహవిష్ణు, మహేంద్రవిక్రమ అనే పేర్లూ కనిపిస్తాయి. అచ్చం పల్లవుల పేర్లే! అంటే గొప్ప చెప్పుకోడానికి ఒక భాష, ఊరివాళ్లకు చెప్పడానికి ఇంకొకటి.

హంగరీలోనూ ఇదే కథ. మగ్యార్ రాజు మొదటి ఆండ్రూ 1055లో తిహాని మఠానికి ఇచ్చిన దానపత్రం లాటిన్‌లో ఉంది. కానీ భూమి హద్దులు చెప్పాల్సిన చోట మాత్రం హంగేరియన్ మాటలు దిగాయి. హద్దు తెలిసింది ఊరివాడికే కదా.

రాజ్యం పుట్టాలంటే కత్తి, వంశం ఉంటే చాలదు. పొలం దున్నేవాడికి మాట అర్థం కావాలి. ఆ అవసరమే మన భాషను రాతికెక్కించిందని నాకనిపిస్తుంది. ఇవాళ మన ప్రభుత్వ ఉత్తర్వులు చదువుతుంటే, ఆ చిన్నరాజుకు తెలిసిన సంగతి మనం మర్చిపోయామా అనిపిస్తుంది.