దత్తత కాగితాల్లో లేని పిల్లలు

ఆంధ్రుల ప్రస్తావన మొట్టమొదట ఐతరేయ బ్రాహ్మణంలో వచ్చిందని స్కూల్లో మనందరం చదువుకున్నదే. గ్రూప్ వన్ పరీక్షలకి తయారైనవాళ్ళని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం నా సోషల్ పుస్తకంలో లేదు. ముప్పై దాటాక, దత్తత గురించి దొరికిందల్లా చదువుతున్న రోజుల్లో తెలిసింది. అది ఒక దత్తత కథ. అందులో మనవాళ్ళది మంచి పాత్ర కాదు.

కథ ఏడో పంచికలో ఉంటుంది. హరిశ్చంద్రుడికి పిల్లలు లేరు (కాటికాపరి కథ ఇక్కడ లేదు, ఇది వేరే హరిశ్చంద్రుడనుకోండి). కొడుకు పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మొక్కుకుంటాడు. రోహితుడు పుడతాడు, పెద్దవాడై, సంగతి తెలిసి అడవిలోకి పారిపోతాడు. తన బదులు ఇంకో పిల్లవాణ్ణి కొందామని అజీగర్తుడనే పేద బ్రాహ్మణుణ్ణి పట్టుకుంటాడు. అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి ఇవ్వనంది. మిగిలింది నడిమివాడు, శునశ్శేపుడు. వంద ఆవులకి బేరం కుదిరింది. యజ్ఞంలో పిల్లవాణ్ణి స్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఇంకో వంద ఆవులు తీసుకుని తండ్రే కట్టాడు. మూడో వందకి కత్తి కూడా పట్టాడు.

శునశ్శేపుడు దేవతలని ఒక్కొక్కరినే ప్రార్థిస్తుంటే కట్లు వదులయ్యాయి. అప్పుడు ఆ పిల్లవాడు చేసిన పని చూడండి. ఎవరూ పిలవకుండానే వెళ్ళి విశ్వామిత్రుడి ఒడిలో కూర్చున్నాడు. అజీగర్తుడు నా కొడుకుని నాకిచ్చెయ్యమంటే, దేవతలు నాకిచ్చారు, ఇవ్వనన్నాడు విశ్వామిత్రుడు. దేవరాతుడని పేరు పెట్టాడు. అక్కడితో అయిపోలేదు. పుట్టుకతో ఆంగిరసుణ్ణి, నీకు కొడుకుని ఎలా అవుతానని ఆ పిల్లవాడే అడిగాడు. నా కొడుకులందరికీ పెద్దవాడివి నువ్వే అన్నాడాయన. అయితే వాళ్ళ చేత కూడా ఒప్పించమన్నాడు పిల్లవాడు. విశ్వామిత్రుడికి నూటొక్క మంది కొడుకులు. మధుచ్ఛందుడూ, అతని తర్వాతివాళ్ళూ సరేనన్నారు. అతనికన్నా పెద్దవాళ్ళు యాభై మంది ఒప్పుకోలేదు. తండ్రి శపించాడు, వాళ్ళ సంతతి పొలిమేరలు పట్టిపోయింది. ఆ సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు.

అంటే గ్రంథాల్లో మన పేరు మొదట నమోదైంది దత్తత వచ్చిన తమ్ముణ్ణి అన్నగా ఒప్పుకోనివాళ్ళ సంతానంగా. చరిత్రకారులు దీన్ని ఆర్యావర్తం అంచుల్లో ఉన్న జాతుల గురించిన సమాచారంగా చదువుతారు, సరైన చదువే. నేను మాత్రం ఇంకోలా చదవకుండా ఉండలేను.

మాకు అయిదేళ్ళ కూతురు. రెండున్నరేళ్ళప్పుడు తెలంగాణలో ఒక జిల్లా శిశుగృహ నుంచి నార్త్ కరొలైనాలో మా ఇంటికి వచ్చింది. మొదటి ఏడాది రాత్రిపూట ఎక్కువగా లేస్తూ ఉండేది. తన మంచం పక్కన నేల మీద కూర్చుని, ఫోన్ వెలుగు తగ్గించుకుని పాత మద్రాసు హైకోర్టు తీర్పుల గురించి చదివేవాణ్ణి. కోడ్ రాసేవాడికి లా రిపోర్టులు అంత కొత్తగా ఏమీ ఉండవు. అవే షరతులు, మినహాయింపులు, ఒకదాని మీద ఇంకొకటి.

మన దత్తత చట్టం పిల్లల కోసం పుట్టింది కాదు. పిండం పెట్టడానికి ఒకడు కావాలి, ఇంటిపేరు నిలబడాలి, ఆస్తి పరాయివాళ్ళ పాలు కాకూడదు. మనువు పన్నెండు రకాల కొడుకుల్ని లెక్కపెట్టాడు, కూతుళ్ళకి అలాంటి పట్టిక లేదు. కాశీలో నందపండితుడు రాసిన దత్తకమీమాంస ఇంగ్లీషులోకి 1821లో వచ్చింది. ఆ తర్వాత కంపెనీ కోర్టులకి అదే కొలబద్ద. ఏ పిల్లవాడి తల్లిని దత్తత తీసుకునేవాడు శాస్త్రప్రకారం పెళ్ళి చేసుకోగలిగి ఉండేవాడో, ఆ పిల్లవాడినే తీసుకోవాలి. కాబట్టి కూతురి కొడుకు, చెల్లెలి కొడుకు ద్విజులకి పనికిరారు. మనవాళ్ళకేమో మనవణ్ణీ మేనల్లుణ్ణీ తెచ్చుకోవడమే అలవాటు. దక్షిణాదిన బ్రాహ్మణుల్లో ఆ ఆచారం ఉందని 1885లో మద్రాసు హైకోర్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. చలం గారు పుట్టుకతో కొమ్మూరి వారు. అమ్మ తండ్రికి దత్తత వెళ్ళి గుడిపాటి వెంకటచలం అయ్యారు. శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి శ్రీరంగం వారింటికి వెళ్ళారు. ఆధునిక సాహిత్యంలో మనం తరచూ పలికే రెండు ఇంటిపేర్లు దత్తత ఇచ్చినవే అని ఎవరైనా ఆగి ఆలోచిస్తారా? నేను ఆలోచించలేదు, మా పాప వచ్చేదాకా.

ఏకైక కొడుకుని దత్తత ఇవ్వకూడదని వసిష్ఠుడు చెప్పాడు. ఇస్తే ఆ దత్తత చెల్లుతుందా అన్న ప్రశ్న మన బలుసు వారి కేసు రూపంలో లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. కూడని పనే అయినా జరిగింది కాబట్టి చెల్లుతుందని 1899లో తేల్చారు. అంతకుముందు 1868లో రామనాథపురం జమీందారీ కేసు. భర్త పోయిన రాణి, భర్త అనుమతి లేకుండా, సపిండుల సమ్మతితో దత్తత చేసుకోవచ్చా అన్నది అందులో ప్రశ్న. ద్రావిడ దేశంలో చేసుకోవచ్చన్నారు. ఆ కేసులో ఒక పక్క రాణీవర్గం, రెండో పక్క మధుర కలెక్టరు. దత్తత చెల్లకపోతే ఎస్టేటు సర్కారుకి వచ్చేది మరి. మా పాప దత్తత ఉత్తర్వు మీద కూడా కలెక్టరు సంతకమే ఉంది. 2021 సవరణతో ఆ అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేటుకి మారింది. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు నాకు మధుర కలెక్టరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మా ఆవిడకి ఎందుకు నవ్వుతున్నానో చెప్పడానికి పావుగంట పట్టింది.

ఈ తీర్పుల్లో పిల్లవాడు ఎప్పుడూ ఉంటాడు, ఎక్కడా కనబడడు. మైనరు, వయసు ఇంత, సంరక్షకుడు ఫలానా. దత్తహోమం జరిగిందా, ఇచ్చిన చేతులెవరివి, పుచ్చుకున్న చేతులెవరివి, సాక్షులెవరు అని పేజీలకి పేజీలు ఉంటాయి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఎవరి పక్కన పడుకున్నాడు? అన్నం తిన్నాడా? ఎన్ని రోజులు అమ్మ కోసం ఏడ్చాడు? ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు. నాకు కావలసినదల్లా ఆ రాయని భాగమే.

మా ఇంట్లో ఆ భాగం ఎలా జరిగిందో చెప్తాను. వచ్చిన మొదటి నెలల్లో ఏది పెట్టినా తినేది. ఇక చాలు అనడం తెలియదు. దుప్పట్లు మారుస్తుంటే తలగడ కింద ఇడ్లీ ముక్క, బూట్లో బిస్కెట్లు. శిశుగృహలో తిండికి లోటు లేదు, అయినా తన చేతికందే చోట తనదంటూ కొంత ఉండాలి. మా కేసు చూసే సోషల్ వర్కర్ సలహాతో కింది అరలో ఒక బుట్ట పెట్టాం. అరటిపళ్ళు, మరమరాలు, బిస్కెట్లు. అది ఎప్పుడూ ఖాళీ కాకూడదు, అంతే నియమం. ఏడు నెలలకి తలగడ కింద వెతకడం మానేశాం. చీర కట్టుకున్న ప్రతి ఆడమనిషినీ మొదట్లో అమ్మా అనేది. గుళ్ళో ముక్కూమొహం తెలియని ఆవిడ దగ్గరికి చేతులు చాపేది. అందరూ ఎంత కలుపుగోలు పిల్లో అని ముచ్చటపడేవాళ్ళు, మా ఆవిడ కారెక్కాక ఏడ్చేది. ఒకరోజు ఇంటికి ఎవరో వస్తే పరిగెత్తుకెళ్ళి మా ఆవిడ మోకాళ్ళ వెనక దాక్కుంది. సోషల్ వర్కర్‌కి చెప్తే, ఇన్నాళ్ళూ దీనికోసమే చూస్తున్నానంది. భారత ప్రభుత్వానికి రెండేళ్ళపాటు పంపాల్సిన నివేదికల్లో ఎత్తు, బరువు, టీకాలకి గళ్ళున్నాయి. మోకాళ్ళకి లేదు. ఇతర వివరాలు అన్నచోట ఇరికించాం.

తెలిసేకొద్దీ నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. పాత హిందూ లా ప్రకారం మా పాపని దత్తత తీసుకోవడం అసాధ్యం, ఒకసారి కాదు రెండుసార్లు అసాధ్యం. మొదటిది, ఆడపిల్ల. దత్తత కొడుక్కే. దక్షిణాదిన ఆడపిల్ల దత్తతని కోర్టులు ఆచారం కింద గుర్తించింది దేవదాసీ కుటుంబాల్లో, అదీ అనేక అనుమానాల మధ్య. రెండోది, ఇచ్చేవాళ్ళు లేరు. తండ్రి గానీ, ఆయన లేకపోతే తల్లి గానీ చేత్తో ఇస్తేనే దత్తత. అనాథని ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. ఎవరు కన్నారో తెలియని పిల్లకి పెంపకం దొరకొచ్చు, అన్నం దొరకొచ్చు, ఇంటిపేరు దొరకదు. 1956 చట్టం కూతుళ్ళని చేర్చింది, దత్తహోమం తప్పనిసరి కాదంది. వదిలేసిన పిల్లల్ని, కన్నవాళ్ళెవరో తెలియని పిల్లల్ని కోర్టు అనుమతితో సంరక్షకుడు ఇవ్వవచ్చని 1962లో సవరించారు. పెళ్ళయిన స్త్రీ తన పేరున దత్తత తీసుకోవడానికి 2010 దాకా ఆగాలి. అప్పటిదాకా భర్త తీసుకుంటే భార్య సమ్మతిస్తుంది. రాత్రిళ్ళు లేచేది ఎవరో చట్టానికి పట్టదు కదా.

ఇంగ్లీషువాళ్ళేదో మనకి నేర్పారనుకోకండి. 1853 నవంబరులో ఝాన్సీ గంగాధరరావు చనిపోవడానికి ముందురోజు అయిదేళ్ళ పిల్లవాణ్ణి దత్తత తీసుకుంటే, అది రాజ్యానికి చెల్లదని డల్హౌసీ మరుసటేడు ఝాన్సీని కలిపేసుకున్నాడు. ఆ తీర్పు చెప్పిన దేశంలో అప్పటికి దత్తత చట్టమే లేదు. ఇంగ్లండులో మొదటి దత్తత చట్టం 1926లో వచ్చింది. అమెరికా కాస్త ముందు. మసాచుసెట్స్ 1851లో చట్టం చేసి, పెంచేవాళ్ళకి పెంచే శక్తి ఉందో లేదో జడ్జి చూడాలంది. నాకు తెలిసినంతలో చట్టం ముఖం పిల్లల వైపు తిరగడం అక్కడ మొదలైంది. మూడేళ్ళకే అనాథ పిల్లల్ని న్యూయార్క్ నుంచి రైళ్ళెక్కించి, ఊరూరా నిలబెట్టి, నచ్చినవాళ్ళు తీసుకెళ్ళమన్నారు. అది 1929 దాకా నడిచింది. ఏ దేశానికీ గొప్పలు చెప్పుకునే వీలు లేదు.

మన శాస్త్రంలో నాకు ఇష్టమైన మాట ఒకటుంది, ద్వ్యాముష్యాయణుడు. టైప్ చెయ్యడానికి నాలుగుసార్లు తిప్పలు పెట్టింది. కన్నింటికీ పెంచినింటికీ, రెండింటికీ కొడుకైనవాడు. మామూలు దత్తుడికి పుట్టింటితో ఋణం తెగిపోతుంది, ఇతనికి తెగదు. ఋగ్వేదంలో శునశ్శేపుడి సూక్తాలకి అనుక్రమణి రాసినవాళ్ళు కూడా రెండు పేర్లూ రాశారు: అజీగర్తుడి కొడుకు శునశ్శేపుడు, విశ్వామిత్రుడికి కొడుకైన దేవరాతుడు. తండ్రి అంతటి పని చేసినా పేరు కొట్టెయ్యలేదు. ఇక్కడి రాష్ట్రం మా పాపకి ఇచ్చిన జనన పత్రంలో అమ్మ, నాన్న అన్నచోట మా పేర్లే ఉన్నాయి, మేమే కన్నట్టు. చట్టానికి అదే కావాలి, స్కూలుకీ పాస్‌పోర్టుకీ అదే కావాలి. శిశుగృహ ఇచ్చిన ఫైలు వేరే కవర్లో, నా పాస్‌పోర్టు కింద ఉంటుంది. పెద్దయ్యాక అది తనది.

కిండర్‌గార్టెన్‌లో ఫ్యామిలీ ట్రీ కాగితం ఇచ్చారు, దాంతోపాటు పుట్టినప్పటి ఫోటో తెమ్మన్నారు. మా దగ్గరున్న మొదటి ఫోటో పధ్నాలుగు నెలలప్పటిది, ఆయమ్మ చంకలో. దాన్నే అతికించాం. చెట్టుకి కింద వేళ్ళు కూడా గీసింది. వేళ్ళ దగ్గర ఏం రాయాలని అడిగితే ఆయమ్మ అని రాయమంది. కన్నతల్లి అనే మాట తనకి తెలుసు, మేం మొదటి నుంచీ చెప్తున్నాం. కానీ ఆయమ్మ మొహం తెలుసు.

చుట్టాల్లో ఇంకా కొందరు మీరు చాలా పుణ్యం చేసుకున్నారంటారు, పాప ముందే. పుణ్యం కోసం ఎవరూ తెల్లవారుజామున మూడింటికి మరమరాలు వేయించరు. గుళ్ళో అర్చనకి గోత్రం అడిగితే ఒక పెద్దాయన గొంతు తగ్గించి, పిల్లకి కూడా ఇదే చెప్పొచ్చా అన్నాడు. విశ్వామిత్రుడి నూటొక్క మందిలో పెద్ద యాభై మంది ఎవరి పూర్వీకులో ఆయనకి చెప్దామనుకున్నాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేసింది.

శునశ్శేపుడి కథ ఈ మధ్యే పాపకి చెప్పాను. ఆవులు, తాడు, ఒడి. కత్తి తీసేశాను. అంతా విని, విశ్వామిత్రుడి ఇంట్లో ఆ బాబు ఏం తిన్నాడని అడిగింది. ఐతరేయ బ్రాహ్మణంలో లేదు. పెరుగన్నం అన్నాను. ఎంత పెట్టారంది. ఎంత అడిగితే అంత అన్నాను. కాసేపు ఆలోచించి, అరటిపండు కూడా పెట్టమను అని అటు తిరిగి పడుకుంది.