ప్రళయ గడియారం

అణుయుద్ధ ముప్పుకు ప్రతీకగా వాడే ఊహా గడియారం. అర్ధరాత్రి అంటే సర్వనాశనం. షికాగోలో పుట్టిన ‘బులెటిన్ ఆఫ్ ది అటామిక్ సైంటిస్ట్స్’ పత్రిక 1947 జూన్ సంచిక ముఖచిత్రం కోసం దీన్ని గీసింది మార్టిల్ లాంగ్స్‌డార్ఫ్. ముల్లును 12కు ఏడు నిమిషాల ముందు నిలిపింది లెక్కగట్టి కాదు, చూడ్డానికి బాగుందని!

1991లో 17 నిమిషాల దూరానికి జరిగింది. 1998లో భారత్, పాకిస్తాన్ అణుపరీక్షలతో 14 నుంచి 9కి వచ్చింది. 2025 జనవరిలో 89 సెకన్లే.

పేచీ ఇక్కడే. 1962లో క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం 13 రోజులు ఊపిరి బిగబట్టినా ముల్లు కదల్లేదు. పైగా 2007 నుంచి వాతావరణ మార్పునూ ఇందులోనే కలిపారు. దాంతో అణు ముప్పు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టమని విమర్శకులంటారు. వాళ్ల మాటలో పస ఉంది. ఇది కొలబద్ద కాదు, హెచ్చరిక అన్నది సమర్థకుల జవాబు.